ఇంటర్వ్యూలో 3[మార్కులు] అడగొచ్చా?

బ్రాడీపేట 4వ లైను:
మొన్న మా తమ్ముడు గుంటూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి బెజవాడలో ఇంటర్వ్యూకి వెళ్ళాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సీ లాంగ్వేజ్ పేపర్లో మొదటి ప్రశ్న: మార్కులు అనే జాబితాలోంచి ఒకదాన్ని తీసే మార్కులు[3] బదులు 3[మార్కులు] అని రాస్తే ఏమవుతుంది? రెండోది: ఐ విలువ 5 అయితే ఐ++ + ++ఐ ఎంత (++ అంటే ఒకటి పెంచడం)? మొదటిదానికి ‘ఎర్రర్’ అని, రెండోదానికి ‘చెప్పలేం’ అని రాశాడు. రెండూ తప్పన్నారు. ఉద్యోగంలో ఇలా ఎవడు రాస్తాడండీ? నన్నడిగితే ఇవి గారడీ ప్రశ్నలు. మీరేమంటారు?

కృష్ణలంక కుర్రాడు:
మొదటిది గారడీ కాదన్నా. మార్కులు[3] అంటే, కోడ్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్‌కి *(మార్కులు + 3), అంటే జాబితా మొదలు నుంచి 3 గళ్ళు జరిగి అక్కడున్నది తియ్యమని. కూడికలో ఎటు తిప్పినా ఒకటేగా, అందుకే 3[మార్కులు] కూడా నడుస్తుంది. ఇది తెలిస్తే పాయింటర్లు (మెమరీలో చోటుని చూపేవి) సగం వచ్చినట్టే. ఇలాంటి మెలికలతో అర్థంకాని కోడ్ రాయడానికి 1984లోనే అంతర్జాతీయ పోటీ మొదలైంది. ఒకే పద్యం రామాయణాన్నీ భారతాన్నీ చెప్తే ద్వ్యర్థి కావ్యమని ఆహా అంటాం. ఒకే ఫైలు రెండు లాంగ్వేజీల్లో రన్ అయితే మాత్రం చెత్తా?

ఆటోనగర్ నైట్ షిఫ్ట్:
పద్యాన్ని రాత్రి రెండింటికి లేచి రిపేరు చెయ్యక్కర్లేదు తమ్ముడూ. కోడ్‌ని చెయ్యాలి, అదీ నేనే. మా దగ్గర ఒకాయన వరస అందంగా ఉంటుందని రోల్ నంబర్లు 001, 002 అంటూ కోడ్‌లో రాసుకుంటూ పోయాడు. 007 దాకా హాయిగా సాగింది. 008 దగ్గర ఎర్రర్! ముందు సున్నా ఉంటే సీ దాన్ని ఆక్టల్ (ఎనిమిది అంకెలతోనే నడిచే లెక్క) అనుకుంటుంది, అందులో 7 దాటి అంకెల్లేవు. ఆయన 008, 009లకి మాత్రం సున్నాలు తీసేశాడు. కంపైల్ అయింది కదా అని ఇంటికెళ్ళిపోయాడు. 010 అలాగే ఉండిపోయింది, అంటే 8. పదో నంబరు పిల్ల కట్టిన ఫీజు ఎనిమిదో నంబరు పిల్లాడి ఖాతాలో పడింది. తెలియక రాస్తేనే ఇంత టెన్షన్, కావాలని రాసేవాణ్ణి ఏమనాలి?

కృష్ణలంక కుర్రాడు:
ఆ సున్నా సంగతి ముందే తెలిసుంటే ఆయన అలా రాసేవాడే కాదుగా అన్నా! మీరు నా వైపే మాట్లాడుతున్నారు.

ల్యాబ్ మాస్టారు:
మీరంతా రెండు ప్రశ్నల్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. 3[మార్కులు]కి సీ నియమాల్లో జవాబుంది. ఐ++ + ++ఐకి లేదు. ఒకే కూడికలో ఐని అలా రెండుసార్లు మారిస్తే ఏం రావాలో సీ ప్రమాణం చెప్పదు, కంపైలర్ ఏదైనా ఇవ్వొచ్చు. జావాలో అయితే ఎడమ నుంచి కుడికి: ఐ++ పెంచకముందు విలువ 5 ఇస్తుంది, ++ఐ పెంచాక విలువ 7 ఇస్తుంది, మొత్తం 12. వాళ్ళ కీలో 12 ఉందేమో కనుక్కోండి. ‘చెప్పలేం’ అన్న మీ తమ్ముడే కరెక్టు. నేనూ ఒకప్పుడు టర్బో సీ అనే పాత కంపైలర్లో ఇదే రన్ చేయించి, స్క్రీన్ మీద వచ్చిందే వేదమని మార్కులేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బ్రాడీపేట 4వ లైను:
కీలో 12 అనే ఉందట మాస్టారూ! మొదటిది మావాడి తప్పే, ఒప్పుకుంటా. రెండోదాని మార్కు ఇప్పుడెవర్ని అడగాలి?