రేటింగ్ పడిపోయినా పోని బిరుదు మామూలు చెస్ ఆటగాళ్లకూ ఉండాలా?

తెల్లగుర్రం:
చెస్‌లో గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత రేటింగ్, అంటే గెలుపోటములను బట్టి ఆటగాడి బలాన్ని చూపే అంకె, 2500 నుంచి 2300కి జారినా ఎవరూ వెనక్కి తీసుకోరు. ఓపెన్ విభాగంలో (ఆడా మగా ఎవరైనా పొందగలిగేవి) అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే బిరుదుల్లో కింది మెట్టు క్యాండిడేట్ మాస్టర్, దానికే 2200 కావాలి. టోర్నమెంట్లకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ గీత దరిదాపులకు కూడా వెళ్లరు. మరి పదేళ్లు కష్టపడి 1400 నుంచి 1800కి ఎక్కినవాళ్లకు మిగిలేది ఏంటి? ఈ నెల లిస్టులో ఒక అంకె, అది వచ్చే నెల ఉంటుందో లేదో.

నా సంగతే చెప్తాను. 1800 దాటిన రోజు నుంచి ఏడు నెలలు ఒక్క రేటెడ్ గేమ్ ఆడలేదు. పని ఎక్కువగా ఉందని అందరికీ చెప్పాను కానీ అసలు కారణం భయం, ఆడితే ఆ అంకె పోతుందన్న టెన్షన్. చివరికి ఆడాను, రెండు టోర్నమెంట్లలో 1740కి వచ్చాను. ఆ రోజు పోయిన 60 పాయింట్ల కంటే ఆడకుండా పోగొట్టుకున్న ఏడు నెలలే ఎక్కువ బాధపెట్టాయి. 1400, 1600, 1800, 2000 దగ్గర ఒక్కో శాశ్వత బిరుదు ఉంటే నాలాంటివాళ్లు రేటింగ్‌ని దాచుకుని కూర్చోరు.

ఏనుగు ఎండ్‌గేమ్:
మీ బాధ అర్థమైందండి, కానీ నేను ఒప్పుకోలేను. రేటింగ్ ఇప్పటి బలం ఎంతో చెప్పడానికే ఉంది, ఒకప్పటి బలాన్ని పేరు ముందు తగిలించుకుంటే అవతలివాళ్లకు తప్పు సమాచారం ఇచ్చినట్టే. మీ అత్యధిక రేటింగ్ చూడాలనుకున్నవాళ్లకు ఫిడే ప్రొఫైల్‌లో గ్రాఫ్ ఎలాగూ ఉంది.

అంతకంటే పెద్ద సమస్య, ఒక గీత తాకడానికి ఆ గీత అంత బలం అక్కర్లేదు. ఒక్కో గేమ్‌తో రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే కే విలువ 18 ఏళ్ల లోపు పిల్లలకు 40, అంటే తనతో సమానమైనవాళ్ల మీద వరుసగా మూడు గెలిస్తే దగ్గర దగ్గర 60 పాయింట్లు. ఒక మంచి వారాంతంలో 1550 వాళ్లు 1600 దాటేస్తారు, తర్వాతి నెల మళ్లీ 1540లో ఉంటారు, బిరుదు మాత్రం చచ్చేదాకా వాళ్లదే. పైగా అంకె అర్థం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2024 మార్చిలో ఫిడే 2000 కంటే తక్కువ ఉన్న స్టాండర్డ్ (ఎక్కువ సమయం ఇచ్చి ఆడే ఆటల) రేటింగులన్నీ సర్దింది, 2000కి ఎంత తక్కువ ఉన్నారో అందులో 40 శాతం కలిపింది. 1540 ఉన్న మనిషి ఒక్క ఎత్తు వేయకుండా 1724 అయిపోయారు. మీ పద్ధతి అప్పటికే ఉండుంటే అంతమందికి ఒకే రోజు 1600 బిరుదు ఇచ్చేవాళ్లా?

తెల్లగుర్రం:
సర్దుబాటు గురించి మీరు చెప్పింది నిజం, నేను ఆలోచించలేదు. గీత తాకితే చాలు అన్నది వెనక్కి తీసుకుంటాను. కానీ దానికి మందు ఉంది, నార్మ్‌లు. అమెరికా చెస్ ఫెడరేషన్ తన బిరుదులకు ఇదే చేస్తుంది. ఒక టోర్నమెంట్‌లో ఆ స్థాయి ఆటగాడు తెచ్చుకోవాల్సిన స్కోరు కంటే ఒక పాయింట్‌కి మించి ఎక్కువ తేవాలి, అప్పుడే ఒక నార్మ్. అలాంటివి ఐదు కావాలి. ఐదు రౌండ్లలో ఎదుటివాళ్లందరూ 1600 అనుకోండి, 1600 మనిషి లెక్క ప్రకారం రెండున్నర తెస్తాడు, నార్మ్ కోసం నాలుగు తేవాలి. ఇది ఐదు సార్లు చేయడం ఒక వారాంతపు అదృష్టంతో అయ్యే పని కాదు. రేటింగులు ఎటు సర్దినా బోర్డు మీద తెచ్చుకున్న నార్మ్ మారదు.

ఒకప్పటి బలానికి పేరు ఇవ్వడం తప్పు అన్నారు కదా, 1950లో ఫిడే మొదటిసారి 27 మందిని గ్రాండ్‌మాస్టర్లుగా గుర్తించినప్పుడు ఆ జాబితాలో పోలండ్ ఆటగాడు అకిబా రూబిన్‌స్టీన్ ఉన్నాడు. ఆయన 1930ల మొదట్లోనే టోర్నమెంట్లు మానేశాడు. ఆ పేరు ఇచ్చింది ఆయన ఆడిన ఆటలకే. ఆయనతో నన్ను పోల్చుకోవడం లేదు, బిరుదు అనేదానికి మొదటి నుంచీ ఉన్న అర్థమే అది అంటున్నాను.

ఏనుగు ఎండ్‌గేమ్:
ఐదు నార్మ్‌లైతే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం పేరు గురించి. దయచేసి ‘మాస్టర్’ అన్న మాట వాడకండి. ఆన్‌లైన్ ఆటకు ఫిడే అరీనా గ్రాండ్‌మాస్టర్ అని ఇస్తుంది, బయటివాళ్లు అది విని నిజం గ్రాండ్‌మాస్టర్ అనుకుంటారు, పిల్లల్ని ఎవరి దగ్గర నేర్పించాలో వెతుక్కునే తల్లిదండ్రులు దీనివల్ల నిజంగా మోసపోతారు. సోవియట్ పద్ధతిలోలాగా మొదటి కేటగిరీ, రెండో కేటగిరీ అంటే ఎవరికీ అపార్థం ఉండదు.

బంటు ఎనిమిదో గడి:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు, రేటింగ్ పరిమితి సెక్షన్లు, అంటే అండర్ 1800 లాగా ఒక రేటింగ్ కంటే తక్కువ ఉన్నవాళ్లకే టోర్నమెంట్‌లో పెట్టే విభాగాలు. నేను 20 ఏళ్ల కింద 2050 దాకా వెళ్లాను, ఇప్పుడు 1760. ఆ 2050 నాటి గ్రాఫ్ చూడమని ఎదురు కూర్చున్న పిల్లవాడికి చెప్పను కదా. నాకు కేటగిరీ ఇస్తే నిజంగా సంతోషిస్తాను, ఆ రోజుల్లో రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్న ఎండ్‌గేమ్‌లకు (కొన్ని పావులే మిగిలిన ఆట చివరి దశకు) అది గుర్తు. కానీ 2000 కేటగిరీ మనిషి అండర్ 1800 సెక్షన్‌లో కూర్చుంటే మిగతావాళ్లు ఊరుకోరు, ఊరుకోమనడం కూడా న్యాయం కాదు. అలాగని నన్ను పై సెక్షన్‌కి తోసేస్తే రౌండ్ రౌండ్‌కీ ఓడిపోయి మూడో టోర్నమెంట్‌కి ఇంట్లో కూర్చుంటాను. ఆడటం ఆపకూడదనే కదా తెల్లగుర్రం గారు ఈ చర్చ మొదలుపెట్టింది.

నేనైతే ఇలా పెడతాను. కేటగిరీ శాశ్వతం. ఇప్పటి రేటింగ్ ఏ సెక్షన్‌కి సరిపోతే అందులోనే ఆడనివ్వాలి, కానీ తన కేటగిరీ కంటే కింది సెక్షన్‌లో నగదు బహుమతి తీసుకోకూడదు. కావాలని రేటింగ్ తగ్గించుకుని డబ్బు కోసం వచ్చేవాళ్లు దీనితో ఆగుతారు. పోయిన నెల నేను అండర్ 1800లో మూడో స్థానంలో వచ్చాను, ఈ నియమం ఉండుంటే ఆ కవరు నాలుగో స్థానంలో ఉన్న పాపకు వెళ్లేది, నాకు ఏ అభ్యంతరమూ లేదు.

తెల్లగుర్రం:
ఒప్పుకుంటున్నాను, నగదు విషయం మీరు చెప్పినట్టే పెడదాం. ట్రోఫీ మాత్రం తీసుకోనివ్వాలి. ఏనుగు గారూ, దీని మీద మీరేమంటారు?