అపూ గొంతు మారిస్తే సరిపోయేదా?

తెరచాటు:
'ది సింప్సన్స్' అనే అమెరికా కార్టూన్ సీరియల్‌లో కొట్టు నడిపే భారతీయుడు అపూకి 1990 నుంచి గొంతిచ్చింది హ్యాంక్ అజేరియా అనే తెల్ల నటుడు. అమెరికాలో మన తెలుగువాళ్లింట పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు 2017లో దీని మీద డాక్యుమెంటరీ తీశాడు. 2020 జనవరిలో అజేరియా ఆ పాత్ర వదిలేశాడు. నా మాట ఒకటే: తప్పంతా గొంతులో ఉంది. 'డబ్ల్యూ'ని 'వీ' చేసి, ప్రతి 'టీ'నీ 'ట' అని కొట్టి, అక్షరానికో ఊపు పెట్టిన ఆ యాస ఏ ఊరిదీ కాదు. 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో తెల్ల నటుడు పీటర్ సెల్లర్స్ చేసిన భారతీయుడి వేషం తన మనసులో ఉందని అజేరియానే చెప్పాడు. అంటే అనుకరణకు అనుకరణ.

పెన్నేటిగట్టు:
గొంతు దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? అపూ డాక్టరేట్ చదివాడు. భార్య మంజుల, ఎనిమిది మంది పిల్లలు. 1995లో సింప్సన్ల కూతురు లీసా మాంసం మానేసిన భాగంలో, నీ నమ్మకం నువ్వు పాటించు, ఎదుటివాళ్లని సాధించకు అని ఆ పిల్లకి నెమ్మదిగా చెప్పింది అపూనే. అసలు కీలకం రాసేవాళ్ల గదిలో ఉంటుంది. 1974 నుంచి 79 దాకా వచ్చిన, ఒక నల్లజాతి కుటుంబం కథ చెప్పిన 'గుడ్ టైమ్స్' సీరియల్ తీసుకోండి. దాన్ని సృష్టించిన ఎరిక్ మాంటీ, మైక్ ఎవాన్స్ ఇద్దరూ నల్లజాతివాళ్లు. ఇంట్లోవాళ్లుగా వేసినవాళ్లూ నల్లవాళ్లే, గొంతులూ వాళ్లవే. అయినా పెద్దకొడుకు జేజే 'డైనమైట్' అని అరిస్తే నవ్వులు పడ్డాయని, ఇంటి కష్టం పక్కకెళ్లి అతని కోతిచేష్టలు ముందుకొచ్చాయి. తండ్రి వేషం వేసిన జాన్ ఏమోస్ అడ్డం తిరిగితే మూడో సీజన్ తర్వాత అతన్ని తీసేసి, కథలో ఆ తండ్రిని చంపేశారు. తల్లిగా వేసిన ఎస్తర్ రోల్ నాలుగో సీజన్ తర్వాత వెళ్లిపోయి, ఆరో సీజన్‌కి గానీ తిరిగి రాలేదు. అక్కడ గొంతు ఏం కాపాడింది?

గోరింటాకు:
అపూకి పెట్టిన నహసపీమపెటిలన్ అనే ఇంటిపేరు మన దేశంలో ఏ జిల్లాలో ఉందండీ? ముందు అది తేల్చండి.

తెరచాటు:
గొంతూ, గదీ వేరువేరు కాదని మీకు ఎక్కడ చూపించాలో ఇప్పుడు దొరికింది. యానిమేషన్‌లో ముందు బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు పైకి చదువుతారు. అక్కడ నవ్వొచ్చిన మాట నిలుస్తుంది, రానిది తిరగరాస్తారు. ఆ తర్వాతే గొంతులు రికార్డు చేస్తారు, బొమ్మలు గీస్తారు. యాసతో చదివితే మామూలు వాక్యానికి కూడా నవ్వొచ్చేస్తుంది. అలాంటప్పుడు ఆ వాక్యంలో జోక్ పెట్టాల్సిన అవసరం రచయితకి ఉండదు. అపూ ఎప్పుడూ అనే 'ధన్యవాదాలు, మళ్లీ రండి'లో జోక్ ఎక్కడుందో వెతకండి. లేదు. ఉన్నదల్లా యాసే.

సుబ్బు_డల్లాస్:
కార్టూన్ బొమ్మకి ఇంత గొడవా?

పెన్నేటిగట్టు:
సుబ్బు గారూ, చిన్నదైతే వాళ్లే జవాబిచ్చేవాళ్లు కాదు. 2018 ఏప్రిల్‌లో ఒక భాగంలో లీసా మనవైపు తిరిగి, ఒకప్పుడు ఎవరినీ నొప్పించనిది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడుతుంది. మంచం పక్కన అపూ ఫొటో, దాని మీద కంగారు పడకు అనే అర్థంలో రాత. ఆ మాట లీసా చేత అనిపించడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. 1995లో అపూ దగ్గర నేర్చుకున్న పిల్ల ఆమె. రాసేవాళ్లకి వాళ్ల కథే గుర్తు లేదు. తెరచాటు గారూ, అప్పుడు గొంతు మారి ఉంటే ఆ సన్నివేశం ఆగేదా?

తెరచాటు:
మీరు మాటిమాటికీ డాక్టరేట్, పిల్లలు అంటున్నారు. బళ్లో ఆ యాసతో నన్ను పిలిచినవాళ్లెవరికీ ఆ డాక్టరేట్ సంగతి తెలియదు. ముప్పై ఏళ్లు దాన్ని భరించి, పోనీ మంచివాడే కదా అని సంతోషించమంటారా?

పెన్నేటిగట్టు:
నేను అనని మాట నాకు అంటగట్టకండి. మీ వాదన గెలిచాక ఏం జరిగిందో చూడండి. తెల్లవాళ్లు కాని పాత్రలకు ఇక తెల్ల నటులు గొంతివ్వరని 2020 జూన్‌లో ప్రకటించారు. అదే ఏడు ఆ సీరియల్‌లోనే నల్లజాతివాడైన కార్ల్ పాత్ర అజేరియా నుంచి అలెక్స్ డెజర్ట్‌కి వెళ్లింది. 2021లో మరో నల్లజాతి పాత్ర డాక్టర్ హిబ్బర్ట్‌ని కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్‌కి ఇచ్చారు. ఇద్దరికీ గొంతు దొరికింది. అపూకి దొరకలేదు. జనం మధ్యలో నిలబడతాడు, పెదవి విప్పడు. అతన్ని తీసేయమని హరి కూడా అడగలేదు. నా బాధ అది.

వానకోయిల:
2016లోనే ఉత్కర్ష్ అంబుడ్కర్ అపూ మేనల్లుడు జే గొంతు చేశాడు. నువ్వొక మూస బొమ్మవి అని మేనమామ మొహం మీదే అంటాడు. నటుడు లేక ఆగలేదు.

తెరచాటు:
ఇంతసేపు మీరు యాసని వెనకేసుకొస్తున్నారనుకున్నాను, కాదు. కానీ ఒక్కచోట మనకి పడదు. మూగగా ఉండటం కంటే పాత యాసే నయం అని నేననలేను. అంత బరువు అపూ మీద పడింది, తెర మీద మనవాడు అతనొక్కడే ఉన్నాడు కాబట్టి. జేజే వచ్చిన మరుసటి ఏడే, 1975లో, మరో నల్లజాతి కుటుంబం మీద 'ది జెఫర్సన్స్' వచ్చింది. ఒకరు నచ్చకపోతే ఇంకొకరున్నారు. కొరియన్ కుటుంబం మీద 1994లో వచ్చిన 'ఆల్ అమెరికన్ గర్ల్' ఒక్క సీజన్‌తో పోతే, మరో ఆసియా కుటుంబం 'ఫ్రెష్ ఆఫ్ ది బోట్'తో పెద్ద ఛానల్‌కి రావడానికి 2015 దాకా ఆగాల్సొచ్చింది. దేవి విశ్వకుమార్ అనే తమిళ పిల్ల ఇల్లు 'నెవర్ హావ్ ఐ ఎవర్'లో 2020లో గానీ కనపడలేదు.

పెన్నేటిగట్టు:
పాత యాస నాకూ వద్దు. రేపు బల్ల దగ్గర అపూ వాక్యాలు భారతీయ నటుడు చదవాలి, పక్కన రాసేవాళ్లలో మనవాళ్లు కూర్చోవాలి. పక్కన మనవాళ్లు ఉండాలని 2018లో టీవీలో అజేరియానే అన్నాడు.

తెరచాటు:
ముందు రాసేవాళ్లు కూర్చోవాలి. నటుడు ఆ తర్వాత.

పెన్నేటిగట్టు:
ముందు గొంతు. రాసేవాళ్లు వచ్చేదాకా ఆగితే ఇంకో పదేళ్లు అతను కౌంటర్ వెనక మూగగానే ఉంటాడు.