తెలుగు టైటాన్స్ వేలం డబ్బు పెద్ద రైడర్‌కా, డిఫెన్స్‌కా?

హనుమకొండ అభిమాని:
ప్రొ కబడ్డీ లీగ్ వేలానికి ముందు మన తెలుగు టైటాన్స్ ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్న చర్చ మొదలైన ప్రతిసారీ నాకు 2023 వేలమే గుర్తుకొస్తుంది. జట్టుకున్న 5 కోట్లలో 2.605 కోట్లు రైడర్ (కూతకు వెళ్లే ఆటగాడు) పవన్ సెహ్రావత్ ఒక్కరికే వెచ్చించారు. ఆయన 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చినా, 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచాము. మళ్లీ పెద్ద రైడర్ కోసమే పోటీపడటం సరైనదేనా?

పరకాల పాత ఆటగాడు:
లోపం పవన్ ఆటలో లేదు, డిఫెన్స్ కుదరకపోవడంలో ఉంది. మా ఊరి ఎర్రమట్టి కోర్టులో ఏళ్ల తరబడి కార్నర్‌గా, అంటే వరుస చివర నిలిచే డిఫెండర్‌గా, ఆడినవాడిగా చెబుతున్నాను. రైడర్ బోనస్ గీత మీదకు కాలు చాచగానే కార్నర్ చీలమండ దొరకబుచ్చుకుంటాడు. కాని పక్కవాడు అదే క్షణంలో మీదపడి అడ్డుకోకపోతే, రైడర్ ఆ పట్టుతోనే ఈడ్చుకుంటూ వెళ్లి మధ్యగీత తాకుతాడు. ఆ సమన్వయం నెలల తరబడి కలిసి ఆడితే తప్ప రాదు కనుక, డిఫెండర్లను ధర చూసి ఒక్కొక్కరిగా కొనడం కాదు, కుదిరిన జోడీని విడదీయకుండా అట్టిపెట్టుకోవాలి.

కాజీపేట నుంచి:
పై మాటతో ఏకీభవిస్తాను, అయితే రైడర్ల విషయంలోనూ మనవాళ్లు నేర్చుకున్నారు. 2024లో అదే పవన్‌ను ఫైనల్ బిడ్ మ్యాచ్ (వేలంలో పలికిన చివరి ధరకే పాత జట్టు తన ఆటగాణ్ని తిరిగి తీసుకునే హక్కు) ద్వారా 1.725 కోట్లకే తిరిగి తీసుకున్నారు. ఆయన గాయంతో దూరమైనప్పుడు విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ భారం మోయగా, జట్టు 12 విజయాలతో ఏడో స్థానంలో నిలిచి ఒక్క మెట్టు దూరంలో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. 2025లో విజయ్ నాయకత్వంలో, 81 లక్షలకు తెచ్చుకున్న భరత్ హుడా తోడుగా, ఫైనల్‌కు ముందు మెట్టయిన రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లాము. ఒకరిని ఆపితే మరొకరు కూతకు వెళ్లగలిగే ఇద్దరు రైడర్లుంటే, ఒకే పేరు మీద సగం ఖజానా పోయనవసరం లేదు.

హనుమకొండ అభిమాని:
జోడీ సంగతి నాకు తట్టలేదు, ధన్యవాదాలు. మరి మన జిల్లాల కుర్రవాళ్లకు యువ ఆటగాళ్ల విభాగంలో చోటు దొరకదా?

పరకాల పాత ఆటగాడు:
దొరకాలనే నా కోరిక. అడ్డంకి నైపుణ్యం కాదు, లీగ్ మ్యాచ్‌లు ఆడే మ్యాట్. మట్టిలో ఉత్త కాళ్లతో పట్టు నేర్చిన పిల్లవాడు బూట్లు వేసుకొని మ్యాట్ మీదకు వస్తే, మడమ తిప్పే తీరే మళ్లీ నేర్చుకోవాలి. వేలం లేని నెలల్లో జట్టు శిక్షకులు ఒక మ్యాట్ తీసుకొచ్చి ఇక్కడ పది రోజులు ఆడించినా, ఎవరు నిలబడతారో వాళ్లకే తెలుస్తుంది.