పాత కట్టడానికి కొత్త భాగం కలిపితే అతుకు కనిపించాలా, కనిపించకూడదా?

గవాక్షం
పాత ఇళ్లకు మార్పులు, చేర్పులు డిజైన్ చేయడం నా పని. ఇప్పుడు చేతిలో ఉన్నది ఎనభై ఏళ్ల ఇల్లు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, దాదాపు మూరెడు మందం. పైన రెండు గదులు వేయాలి. "కింద ఎలా ఉందో పైన కూడా అలాగే ఉండాలి, చూసినవాళ్లకి తేడా తెలియకూడదు" అంటున్నారు ఇంటివాళ్లు. ఈ మాట నాకు మింగుడు పడటం లేదు. అప్పటి తాపీ మేస్త్రి చేత్తో తీర్చిన అంచుని ఇప్పుడు అచ్చులో పోసి అతికిస్తే, పాత పని ఏదో కొత్తది ఏదో ఇంకో ఇరవై ఏళ్లకి ఎవరికీ తెలియదు. అది ఆ మేస్త్రికి చేసే అన్యాయం అని నా బాధ.

పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా ఇదే చెప్పింది. తప్పనిసరై కొత్త పని చేస్తే అది పాత దానికి వేరుగా కనిపించాలి, దాని మీద మన కాలపు ముద్ర ఉండాలి అని. బెర్లిన్‌లోని నోయెస్ మ్యూజియం చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి దశాబ్దాల పాటు శిథిలంగా ఉండిపోయింది. ఆర్కిటెక్ట్ డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ బృందం దాన్ని బాగుచేసి 2009లో తెరిచింది. పెద్ద మెట్లు పూర్తిగా పోయాయి. పాత నగిషీలు మళ్లీ చెక్కలేదు. పాత మెట్లు ఉన్నచోటే, అదే ఆకారంలో, పాలరాతి పలుకులు కలిపిన తెల్ల కాంక్రీటుతో కట్టారు. చుట్టూ ఉన్న ఇటుక గోడలను దెబ్బలతో సహా వదిలేశారు. అక్కడ అతుకు స్పష్టంగా కనిపిస్తుంది, అయినా కంటికి గుచ్చుకోదు. నేను కోరుకునేది అదే. మీరేమంటారు?

సున్నంగోడ
గవాక్షం గారూ, చార్టర్‌లో మీకు నచ్చిన వాక్యం ఒక్కటే తీసుకున్నారు. అందులోనే 13వ అధికరణం ఉంది: భవనంలోని ముఖ్యమైన భాగాలకు, దాని పొందికకు, పరిసరాలకు భంగం కలగకపోతేనే చేర్పులకు ఒప్పుకోవాలి. 12వ దాంట్లో, పోయిన భాగాల స్థానంలో పెట్టేవి వేరుగా తెలియాలి అంటూనే, మొత్తంతో పొందికగా కలవాలి అని కూడా ఉంది. ఆ రెండో సగాన్ని అందరూ మర్చిపోతున్నారు.

ఫలితం టొరంటోలో ఉంది. రాయల్ ఒంటారియో మ్యూజియం పాత రాతి భవనానికి 2007లో డేనియల్ లిబెస్కిండ్ డిజైన్‌తో పెద్ద స్ఫటికంలాంటి ముక్క కలిపారు. గోడలన్నీ ఏటవాలే. ఏటవాలు గోడకి ఏం తగిలిస్తారు? అల్మరా ఎక్కడ ఆనిస్తారు? అదే ఆర్కిటెక్ట్ డ్రెస్డెన్ సైనిక చరిత్ర మ్యూజియంలో 19వ శతాబ్దపు ఆయుధాగారాన్ని చీల్చుకుంటూ గాజుతో, ఉక్కుతో చేసిన పెద్ద మేకులాంటి ముక్కని దిగ్గొట్టాడు (2011). అక్కడ నాకు ఫిర్యాదు లేదు. 1945లో బాంబులకి కాలిపోయిన ఊరు అది, యుద్ధం గురించిన మ్యూజియం అది. ఆ గాయానికి అర్థం ఉంది. టొరంటోలో ఏ గాయం ఉందని? అదే చెయ్యి, అదే కోత. ఒకచోట కారణం ఉంది, ఇంకోచోట లేదు.

మీ ఇంటి యజమానులు అడిగింది తప్పేం కాదు.

నీలం పెన్సిల్
నేను ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం. సున్నంగోడ గారిని ఒకటి అడగాలి. "పాతది" అంటే ఏ నాటిది? పారిస్‌లోని నోత్రదామ్ చర్చి శిఖరం 2019 ఏప్రిల్‌లో కాలిపోయి కూలింది. రెండు రోజులకే ఫ్రాన్స్ ప్రధాని కొత్త శిఖరానికి అంతర్జాతీయ పోటీ పెడతామన్నారు. గాజు శిఖరమని, పైన తోట అని ఎన్నో ఊహాచిత్రాలు వచ్చాయి. చివరికి 2020లో ఉన్నది ఉన్నట్టే కట్టాలని తేల్చారు. 2024 డిసెంబర్‌లో తెరిచారు. కానీ ఆ "ఉన్నది" మధ్యయుగాల నాటిది కాదు. మొదటి శిఖరాన్ని 18వ శతాబ్దంలోనే తీసేశారు. కాలిపోయింది 19వ శతాబ్దంలో ఆర్కిటెక్ట్ వియొలే-ల-దుక్ తన ఊహతో, ముందుదానికంటే ఎత్తుగా వేసినది. అంటే అది కూడా ఒకప్పటి కొత్త చేర్పే. ఆయనకి దొరికిన స్వేచ్ఛ మనకెందుకు ఉండకూడదు?

సున్నంగోడ
మంచి ప్రశ్న. నిన్నంతా దీని గురించే ఆలోచించాను. వియొలే-ల-దుక్ కొత్తగా ఊహించాడు, నిజమే. కానీ ఓక్ చెక్కతో, సీసపు రేకుతో, ఆ చర్చి భాషలోనే మాట్లాడాడు.

ఇంకో సంగతి. ఈసారి పైకప్పు దూలాలను వడ్రంగులు గొడ్డళ్లతో చెక్కారు. రంపపు మిల్లుకి పంపితే ఎంతో తొందరగా అయ్యేది. చేత్తో చెక్కితే కోత చెట్టు నార వెంట పోతుంది, నార ఎక్కడా తెగదు, దూలం బలంగా ఉంటుంది. ఆ పని చేయడంతో ఆ విద్య మళ్లీ ఒక తరం చేతుల్లోకి వచ్చింది. గాజు శిఖరం పెట్టి ఉంటే వచ్చేదా? ఉన్నదాన్ని ఉన్నట్టు కట్టడం ఊహ లేనివాళ్ల పని అని కాలేజీల్లో నేర్పిస్తున్నారు. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

తాపీ చెయ్యి
మీరందరూ అతుకు కంటికి కనిపించాలా వద్దా అంటున్నారు. అతుకుని నీళ్లు చూస్తాయి, దాని సంగతేంటి?

ముప్పై ఏళ్లుగా సైటు మీద ఉన్నాను. కొన్నేళ్ల క్రితం ఒక పాత ఇంటికి వెనక గాజు గది కలిపారు. డిజైన్ చేసిన సంస్థ పేరు చెప్పను. డ్రాయింగ్‌లో పాత గోడకీ కొత్త స్టీలు ఫ్రేముకీ మధ్య సన్నటి నల్ల గీత ఉంది. చూడ్డానికి భలే ఉండేది. నిజంగా అక్కడ ఉన్నది వేలెడు సందు. దాన్ని సిలికాన్‌తో నింపమన్నారు. ఎండకి స్టీలు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సున్నం గోడ దానితో పాటు కదలదు. రెండు వేసవులు గడిచేసరికి సిలికాన్ గోడవైపు పొరలా లేచిపోయింది. గోరు పెడితే ఊడి వచ్చింది. వెనక ఇటుక తడిసి మెత్తబడింది, సున్నం వేళ్లకి పిండిలా అంటింది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. అది ఇంకా పెద్ద తప్పు. సున్నం గోడ లోపలి తడిని బయటికి వదులుతూ బతుకుతుంది. సిమెంటు కప్పితే ఆ తడి లోపలే ఉండిపోతుంది. గది లోపల చెమ్మ, మోకాలి ఎత్తున తెల్లగా ఉప్పు.

చేయాల్సింది ఏమిటంటే, పాత గోడలో గాడి కోసి, రేకు దోపి, కిందికి వంచి వదలాలి. రేకు కదలొచ్చు, నీళ్లు లోపలికి పోవు. అప్పుడు ఆ అతుకు దానంతటదే కనిపిస్తుంది. దాచాలని చూసిన అతుకే కారుతుంది.

గవాక్షం
మేస్త్రి గారూ, ఈ మాట నా డ్రాయింగ్ బోర్డు మీద రాసి పెట్టుకుంటున్నాను. నా స్కెచ్‌లోనూ ఆ నల్ల గీత ఉంది.

ఐదో అంతస్తు
ఆ ఇళ్లలో ఉండేవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఆర్కిటెక్ట్‌ని కాదు, అద్దెకి ఉండేదాన్ని. మా భవనం పాత గోడౌన్, మార్చి ఫ్లాట్లు చేశారు. ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. పడమటివైపు నేల నుంచి పైకప్పు దాకా గాజు. సాయంత్రం నాలుగు నుంచి ఆ గదిలో కూర్చోలేం. పాప మంచం వంటగదిలోకి మార్చాం.

పేరున్న ఇళ్ల సంగతీ ఇంతే. ఆర్కిటెక్ట్ ల కొర్బుజియే ఫ్రాన్స్‌లో కట్టిన విల్లా సవోయ్ అనే ఇల్లు 1931లో పూర్తయింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఇంటావిడ మాత్రం హాల్లో వాన, ర్యాంపు మీద వాన అంటూ ఆయనకి ఉత్తరాలు రాస్తూనే ఉంది.

నాకు నచ్చినది చెప్పమంటే ఫ్రాన్స్‌లో బోర్డోలోని గ్రాండ్ పార్క్. 1960ల నాటి మూడు పెద్ద బ్లాకులు, 530 ఫ్లాట్లు. లకాటన్, వసాల్ అనే ఆర్కిటెక్టులు ఇంకో ఇద్దరు ఆర్కిటెక్టులతో కలిసి వాటిని కూల్చకుండా, ముందువైపు 3.8 మీటర్ల లోతు వరండాల వరస తెచ్చి ఆనించారు. ఎవరినీ ఖాళీ చేయించలేదు. ఒక్కో ఫ్లాట్ పని సుమారు రెండు వారాల్లో అయిపోయింది. చలికాలం ఆ వరండా వెచ్చగా ఉంటుంది, ఎండాకాలం తెరలు లాగి తెరిచేస్తారు. దానికి 2019లో యూరప్‌లో పెద్ద అవార్డు వచ్చింది, 2021లో లకాటన్, వసాల్‌లకి ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. అక్కడ కూడా అతుకు బాగా కనిపిస్తుంది. కానీ అతుకుకి అవతల ఒక గది పెరిగింది.

నీలం పెన్సిల్
మేడమ్, సౌకర్యం ఒక్కటే కొలత అంటే ఒప్పుకోలేను. జపాన్‌లోని ఒసాకాలో ఆర్కిటెక్ట్ తడావో ఆందో 1976లో కట్టిన సుమియోషి ఇల్లు ఉంది. సన్నటి స్థలంలో కాంక్రీటు పెట్టె, మూడు భాగాలు, మధ్య భాగానికి కప్పే లేదు. పడకగది నుంచి బాత్రూంకి వెళ్లాలంటే వానలో గొడుగు వేసుకోవాలి. అయినా ఆ ఇరుకులో ఆకాశం దొరికింది.

ఐదో అంతస్తు
ఆ గొడుగు వాళ్లు తెలిసి ఒప్పుకున్నది బాబూ. మా గాజు గోడ గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు. నేను చెప్పేది అంతే.

సున్నంగోడ
ఇది నిజం. ఉండేవాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నది నేను కూడా లెక్కలోకి తీసుకోలేదు.

గవాక్షం
రెండు రోజులుగా ఇవన్నీ చదువుతూ ఇంగ్లండ్‌లోని ఆస్ట్లీ కాసిల్ ఫోటోలు మళ్లీ తీశాను. 1978లో కాలిపోయిన కోట. శిథిలాల మధ్యే కొత్త ఇల్లు కట్టారు, 2013లో బ్రిటన్‌లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే స్టర్లింగ్ బహుమతి వచ్చింది. విరిగిన రాతి గోడ అంచు ఎలా ఉందో అలాగే ఉంచి, దాని మెట్టుమెట్టుకీ కొత్త ఇటుక పేర్చుకుంటూ పోయారు. కొన్ని గదులకి కప్పే వేయలేదు. కొత్త ఇటుక లేకపోతే పాత రాయి నిలబడదు. నా స్కెచ్‌లోని గాజు పెట్టె కింది గోడకి ఏ సాయమూ చేయడం లేదని ఇప్పుడు తెలుస్తోంది. ఇంటివాళ్లు "తేడా తెలియకూడదు" అంటే నేను అచ్చుపోత అనుకున్నాను. ఫోన్ చేసి అడిగాను. పెద్దావిడ భయమల్లా పైగదులు పడ్డాక ఇల్లు తనది కానట్టు అనిపిస్తుందేమోనని.

గాజు తీసేస్తున్నాను. ఇటుకే వేస్తాం, సున్నంతోనే, కొత్త కొలతలో. అతుకు దగ్గర రేకు. సోమవారం వాళ్లతో కూర్చుంటాను.

తాపీ చెయ్యి
కూర్చునే ముందు పైకెక్కి పిట్టగోడ చూడండి. వాన నీళ్లు ఏ మూలకి వాలుతున్నాయో, ఆ మూల కింద గోడ బోలుగా మోగుతోందో లేదో తట్టి చూడండి. మోగితే పైగదుల మాట తర్వాత.