కాయిలోవర్లు ఏసినా బండి అడ్డం తిరుగుతలేదు, ఏ స్ప్రింగులు తీసుకోవాలె?

మిర్యాలగూడ మిల్లు (రాత్రి 1:40)
అన్నలూ, డ్రిఫ్ట్ చేద్దామని సాయంత్రం ఏడింటి సంది ఇదే లొల్లి, తల పగులుతున్నది. పోయిన వారం కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకబ్జర్ సెట్టు) ఏసిన. ముంగట మూడు వేళ్లంత దించిన. మొదలు మెత్తగ పెట్టి చూసిన, తర్వాత షాకబ్జర్ నాబు క్లిక్కులన్నీ గట్టికి తిప్పిన, మళ్ల సగానికి తెచ్చిన. ఏం తేడా లేదు. స్టీరింగ్ కొట్టి యాక్సిలేటర్ తొక్కితే తోక బయటికి వస్తది, సగం దాంక పోతది, ఇగ అంతే, ఎవరో బ్రేక్ పట్టుకున్నట్టు పవర్ సచ్చిపోతది. కింద చూస్తే నల్లగీత ఒక్కటే పడుతున్నది, రెండు పడుతలేవు. స్టీరింగ్ మొత్తం తిప్పితే ముంగటి టైర్ లోపల గీసుకుంటున్నది. ఇంకా గట్టి స్ప్రింగులు తెప్పియ్యాలెనా, స్వే బార్ (బండి ఒరగకుండ ఆపే రాడు) మార్చాలెనా? తెలిసినోళ్లు జర జల్ది చెప్పుండ్రి. మామ మిల్లుల వడ్లు ఎండబోసే కళ్లం ఖాళీగున్నది, సోమవారం సంది మళ్ల వడ్లు వస్తయి.

పద్నాలుగు నంబర్ పానా
ఏం బండి?

అంబాసిడర్ కొడుకు
తమ్మీ, నా మాట విను, ఈ కాయిలోవర్ల పిచ్చి వద్దు. మా నాయిన నల్లగొండ స్టాండుల అంబాసిడర్ తోలిండు. వెనక పట్టీల స్ప్రింగులు, ముంగట టార్షన్ బార్ (మెలితిరిగే రాడే స్ప్రింగు), అంతే. వానకాలం ఎర్రమట్టి రోడ్డుమీద ఆ బండి అడ్డంగ పోతుంటే పక్కకు గుంజి నిలబెట్టేటోడు, ఒక్క క్లిక్కు లేదు, ఒక్క నాబు లేదు. పట్టీలకు మధ్య మధ్యన గ్రీజు పెట్టి, బుష్షులు మార్చుకుంటే చాలు. 2014ల ఆ బండి తయారీ బందైనంక మనదేశంల వెనక చక్రాల బండి అంటే మామూలు ధర కార్లల్ల దొరుకుడే కష్టమైంది. ఇప్పటి పిల్లలు ముంగటి చక్రాల బండికి స్ప్రింగులు కోసి డ్రిఫ్ట్ అంటున్నరు. స్ప్రింగు గ్రైండర్ పెట్టి కోయకుండ్రి, సీట్ల కూసోదు, గుంతల పడ్డప్పుడు జారి బయటికొస్తది.

మిర్యాలగూడ మిల్లు
నేను కోయలె అన్నా. కాయిలోవర్లు అన్న కదా. బండి ఏదైతే ఏంది, అడిగింది సస్పెన్షన్ గురించి.

పద్నాలుగు నంబర్ పానా
ముంగటి చక్రాలా, వెనక చక్రాలా? గేరా, ఆటోమేటిక్కా?

మిర్యాలగూడ మిల్లు
వెనకయే అన్నా, గది తెల్వదా. బీఎండబ్ల్యూ 320డి, 2010 మోడల్, సెకండ్ హ్యాండ్. ఆటోమేటిక్.

నల్లకోటు
మీరందరూ స్ప్రింగుల గురించి మాట్లాడుతున్నారు గాని అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీని మీద గట్టిగానే చెప్పింది. ఇంకోటి, రోడ్డు మీద పందేలు పెట్టుకుంటే సెక్షన్ 189. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మిల్లు కళ్లమైనా సరే, బయటి మనుషులు వచ్చిపోయే చోటైతే వాదన వేరే ఉంటుంది.

జడ్చర్ల జంక్షన్
సార్, ఆర్‌సీల స్ప్రింగు నంబరు ఏడ రాసి ఉంటది? ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు ఉంటయి గాని.

నల్లకోటు
నేను ఆ ఒక్క స్ప్రింగు గురించి చెప్పలేదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందుగా చూసేది ఇదే. క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకు సాకు కావాలి అంతే.

జడ్చర్ల జంక్షన్
అది నిజమే. ఇగ మిల్లు తమ్మీ, నీ పని చూద్దాం. ఒక్క నల్లగీత పడుతున్నదంటే అది స్ప్రింగు రోగం కాదు. నీ వెనక హౌసింగ్‌ల ఉన్నది ఓపెన్ డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలను వేరే వేరే స్పీడుల తిరగనిచ్చే గేర్లు, లాక్ లేనివి. బురద పొలంల ట్రాక్టర్ ఒక్క చక్రమే గిరగిర తిరిగి, రెండోది కదలకుంటె ఏం చేస్తవ్? డిఫరెన్షియల్ లాక్ తొక్కుతవ్. నీ కారుకు ఆ తొక్కుడు లేదు. లోపలి వైపు చక్రం లేస్తది, తేలికైతది, పవరంతా దానికే పోతది. దానికి ఎల్‌ఎస్‌డీ (ఒక్క చక్రమే గిరగిర తిరగకుండ ఆపే డిఫరెన్షియల్) కావాలె, లేకుంటె ఉన్న డిఫరెన్షియల్ గేర్లకు వెల్డింగ్ కొట్టియ్యాలె. వెల్డింగ్ చేస్తే రోజూ రోడ్డుమీద మూల తిరిగేటప్పుడల్లా టైర్లు కీచుమంటయి, యాక్సిళ్ల మీద బరువు పడతది. ఇంటిబండి అయితే వెల్డింగ్ మాట ఎత్తకు.

సస్పెన్షన్ సంగతికొస్తే, మూడు వేళ్లు దించుడే తప్పు. ఆ బండికి ముంగట స్ట్రట్ (షాకబ్జరే చక్రాన్ని నిలబెట్టే ఏర్పాటు) ఉంటది. దించినకొద్ది కింది ఆర్ములు పైకి వంగుతయి, బండి బరువు కేంద్రం దిగినదానికన్న రోల్ సెంటర్ (మూలల బండి ఏ బిందువు చుట్టు ఒరుగుతదో అది) ఇంకా ఎక్కువ కిందికి పోతది. అంటే దించినా మూలల ఇంకా ఎక్కువ ఒరుగుతది. స్ప్రింగు దిగేదానికి జాగ ఉండదు, బంప్ స్టాపర్ (చివరికి తగిలే రబ్బరు దిమ్మ) మీద కూసుంటది. అప్పుడు ఎన్ని క్లిక్కులు తిప్పినా ఏం లాభం? ముంగట ఒకటిన్నర వేళ్లు పైకి లేపు, టైర్ గీసుకునుడు కూడ చానా మటుకు పోతది. ముంగట క్యాంబర్ (టైర్ నిలువు వంపు, మైనస్ అంటే పైభాగం లోపలికి) మైనస్ మూడు డిగ్రీల దాకా పెట్టిచ్చు. ఎదురు స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి టైర్ నేలకు పరుచుకోవాలె, అందుకు. వెనక సున్నా నుంచి మైనస్ ఒకటి, అంతకు మించకు. వెనక నీకు పట్టు కావాలె, గట్టితనం కాదు. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలుడు) ఎక్కువుంటే స్టీరింగ్ దానంతటదే ఎదురు తిరుగుతది, చేతులు ఇడిచి చూడు తెలుస్తది. క్లిక్కులు ఎప్పుడైనా పూర్తి గట్టి నుంచి లెక్కపెట్టుకో, రెండు వైపులా ఒక్కటే లెక్క.

అడ్డంగ పోయేటోడు
ఓ మాట. నువ్వు చేస్తున్నది డ్రిఫ్ట్ కాదు తమ్మీ. పవర్‌తోని తోక జార్పుడు, అది పవర్ స్లైడ్. డ్రిఫ్ట్ అంటే మూల తిరుగుతున్నంత సేపు బండిని అడ్డంగనే జార్చుకుంట తీస్కపోవుడు. కళ్లంల గుండ్రంగ తిరిగితే అది డోనట్.

మిర్యాలగూడ మిల్లు
అన్నా పేరు ఏదైనా పెట్టు, నా బండి గుండ్రంగ కూడ తిరుగుతలేదు.

అంబాసిడర్ కొడుకు
జపానోళ్ల టొయోటా ఏఈ86 కారు వెనక యాక్సిల్ కూడ గట్టిదే, మా అంబాసిడర్ లెక్క. దాంతోనే కొండ రోడ్లమీద డ్రిఫ్ట్ చేసిండ్రు. ఈ బీఎండబ్ల్యూ లెక్క వెనక ఐదు ఆర్ముల సస్పెన్షన్ ఉండాలని ఎవడన్నడు?

అడ్డంగ పోయేటోడు
ఏఈ86 గట్టిదే, కాని పట్టీలు కావు అన్నా, కాయిల్ స్ప్రింగులు, నాలుగు లింకులు. బరువు టన్నుకు లోపు. ఈ తమ్ముని బండి దానికి ఒకటిన్నర రెట్లు ఉంటది.

గద్వాల గ్యారేజ్
మా దగ్గర ఒకాయన వెనక షాకబ్జర్ రింగులు పైకి తిప్పి గట్టిపర్చిండు, బండి బాగ పోతున్నది. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఒత్తి పెట్టుడు) పెంచితే స్ప్రింగు గట్టిపడతది.

జడ్చర్ల జంక్షన్
పడదు. స్ప్రింగు మొదటి నుంచి చివరిదాక ఒకే గట్టితనంతోని ఉన్నదైతే ఎంత ఒత్తినా గట్టితనం మారదు. ఆ బండికి వెనక స్ప్రింగు వేరే, షాక్ వేరే. రింగు తిప్పితే వెనక ఎత్తు లేస్తది, అంతే.

గద్వాల గ్యారేజ్
షాక్ వేరే అయితే దాన్ని కాయిలోవర్ ఎట్లంటరు మరి?

జడ్చర్ల జంక్షన్
అమ్మెటోళ్లు అంటరు. నాలుగు మూలలకు సెట్టు అమ్మాలె కదా.

గద్వాల గ్యారేజ్
నా చేతుల మీద వంద బండ్లు పోయినయి, గట్టిపడతది.

పద్నాలుగు నంబర్ పానా
మిల్లు తమ్మీ. డీఎస్‌సీ (బండి జారకుండ ఆపే కంట్రోల్) బటన్ ఎట్ల ఒత్తినవ్?

మిర్యాలగూడ మిల్లు
ఒక్కసారి ఒత్తిన అన్నా, మీటర్ల పసుపు లైటు వచ్చింది, ఆఫ్ అయింది. అది నాకు తెల్వదనుకున్నవా.

పద్నాలుగు నంబర్ పానా
ఆఫ్ కాలె. ఒక్కసారి ఒత్తితే డీటీసీ అనే మోడ్ వస్తది. జర జారనిస్తది, ఎక్కువైతే పవర్ కోసి బ్రేకు పడతది. ఒత్తి పట్టుకొని ఉండు, డీఎస్‌సీ ఆఫ్ అని వచ్చేదాక.

మిర్యాలగూడ మిల్లు
...

మిర్యాలగూడ మిల్లు
పొద్దున చూస్త.

నల్లకోటు
ట్రాక్షన్ కంట్రోల్ తీసేసి నడిపితే రేపు ఏమైనా జరిగినప్పుడు నిర్లక్ష్యం అని రాస్తారు. ఆ కళ్లం చుట్టూ గోడ ఉందా? హమాలీలు ఆ టైములో ఉంటారా?

గద్వాల గ్యారేజ్
తమ్మీ, ఆ కాయిలోవర్లు ఎంత పడ్డయి? ఆన్‌లైన్లనా, హైదరాబాద్‌లనా?

జడ్చర్ల జంక్షన్
ముంగట లేపుడు మర్చిపోకు. డీఎస్‌సీ తీసినా ఆ ఎత్తుల బంప్ స్టాపర్ మీదనే ఎగురుతది. అలైన్‌మెంట్ చేసేటోడు క్యాంబర్ ఒక్కటే కాదు, టో (టైర్ల ముందు అంచు లోపలికో బయటికో తిరిగుండుడు) కూడ చూడాలె. దించినంక టో మారిపోతది. ముంగట సున్నా, వెనక కొంచెం లోపలికి. లేకుంటె కొత్త టైర్లు నెలల అయిపోతయి.

అంబాసిడర్ కొడుకు
అంబాసిడర్‌కు ఈ బటన్లు లేవు.

మిర్యాలగూడ మిల్లు (మూడు రోజుల తర్వాత)
పోయింది అన్నా, ఒత్తి పట్టుకుంటె పవర్ కోసుడు బందైంది. ముంగట వేలున్నర లేపిన. ఒక చక్రమే పొగ ఇడుస్తున్నది ఇంకా, కాని ఒకటిన్నర చుట్టు తిరిగిన. రబ్బరు మరకలు చూసి మామ కళ్లం గేటుకు తాళమేసిండు, వడ్లకు వాసన పడతదంట. పానా అన్నకు థాంక్స్.

గద్వాల గ్యారేజ్
కాయిలోవర్లు అమ్మేస్తవా మరి?