కారుకి ఎక్కుడులో పికప్ లేదు, ముందు ఎడమ చక్రం దగ్గర డబ్ డబ్ శబ్దం, ముందు ఏది చూపించాలి?

మధురవాడ_బండి:
మాది 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజిన్, 1,10,000 కిలోమీటర్లు దాటింది. నాన్నగారు కొన్న కారండి, ఇంకొన్నేళ్ళు నడిపించాలని ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో ఒక్కడినే వెళ్తే బాగానే ఉంటది గానీ హనుమంతవాక దాటి ఎండాడ వైపు ఎక్కేటప్పుడు నలుగురం కూర్చుని ఏసీ వేస్తే చాలు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగదు, సింహాచలం ఘాట్ మీదయితే రెండో గేర్‌లోనే ఆయాసపడిపోతుంది. పైగా గుంతల్లో ముందు ఎడమ వైపు డబ్ డబ్ మంటోంది, క్లచ్ వదిలి కదిలేటప్పుడు కూడా ఓసారి ధడ్ మంటుంది. ఒక షెడ్డులో షాకర్లు, క్లచ్ సెట్టు మార్చెయ్యమన్నారు, ఇంకోచోట ఫ్యూయల్ పంపు పోయిందన్నారు, ఒక్కరూ బండి నడిపి చూడలేదు. చెక్ ఇంజిన్ లైట్ వెలగట్లేదు.

గాజువాక_గేర్:
గురూ, అప్పుడే ఏ పార్టూ కొనకండి. అదే ఎక్కుడులో నాలుగో గేర్‌లో 50 మీద ఉన్నప్పుడు గట్టిగా తొక్కి ఆర్పీఎం ముల్లు చూడండి. ముల్లు పైకి లేచిపోతూ స్పీడు పెరక్కపోతే క్లచ్ జారుతున్నట్టే. రెండూ కలిసి నెమ్మదిగా పెరిగితే క్లచ్ బాగానే ఉంది, దాని జోలికి పోవద్దు. అప్పుడు చవకవి ముందు చూపించండి: ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి. పంపు పోయిందంటే గేజ్ పెట్టి ప్రెషర్ చూపించమని అడగండి, ఇలాంటి పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 3 బార్ దగ్గర ఉంటుంది, రేజ్ చేసినా పడిపోకూడదు. ఇవన్నీ బాగుంటే అప్పుడు సైలెన్సర్ లైన్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో అనుమానించాలి. లైట్ వెలగకపోయినా స్కానర్ పెట్టించండి, లైట్ వెలిగేదాకా రాని తప్పుల గుర్తులు, పెండింగ్ కోడ్లంటారు, అవి లోపల ఉండొచ్చు. పీ0300 అనే కోడ్ వస్తే పెట్రోలు సరిగ్గా మండని మిస్‌ఫైర్, ప్లగ్గు, కాయిల్ వైపు వెళ్ళాలి.

ఎంవీపీ_డ్రైవర్:
ఇంకోటి ఎవరూ చూడరు. మన సముద్రపు గాలికి ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే బ్రేక్ క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, బ్రేక్ వదిలినా ప్యాడ్ డిస్క్‌ని పట్టుకునే ఉంటుంది, దాంతో బండి లాగదు. ఎక్కువ బ్రేకులు వెయ్యకుండా కాస్త దూరం నడిపి ఆపి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టండి, ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే అదే. డిస్క్ మాత్రం ముట్టుకోవద్దు, కాలుద్ది.

ఆటోనగర్_స్పానర్:
ఆ ధడ్ శబ్దం సస్పెన్షన్ అనుకోకండి, నాకు ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్ మీద అనుమానం. బానెట్ ఎత్తి మీరు పక్కన నిలబడండి, ముందు మాత్రం వద్దు. లోపలున్న మనిషి హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ తొక్కి ఉంచి ఫస్ట్‌లోనూ రివర్స్‌లోనూ క్లచ్ కొంచెం కొంచెం వదలాలి. ఇంజిన్ ఎగిరి పడితే మౌంట్ రబ్బరు చిరిగినట్టే. గుంతల శబ్దానికి వస్తే, ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు టకటకమని, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే తగ్గిపోతే సస్పెన్షన్‌లో ఉండే చిన్న లింక్ రాడ్, తక్కువ ఖర్చులో పోద్ది. నిలబడి స్టీరింగ్ తిప్పితే టక్ మంటే పైన షాకర్‌ని బాడీకి బిగించే స్ట్రట్ మౌంట్ చూడాలి. షాకర్ మీద ఆయిల్ కారిన తడి లేకుండా, బండి ఊగిసలాడకుండా ఉంటే తొందరపడి మార్చొద్దు. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి రబ్బరు బుష్‌లు వేయిస్తే మాత్రం దగ్గరుండి చూడండి, ఆ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరిగిపోద్ది. ఆ ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్ లూజుంటే ఆ రోజే మార్పించాలి, అది ఊడితే చక్రం పడిపోద్ది.

మధురవాడ_బండి:
చూశానండి. ముల్లు, స్పీడు కలిసే పెరిగాయి. ముందు ఎడమ రిమ్ము మాత్రం బాగా వేడిగా ఉంది! క్యాలిపర్ మొత్తం మార్చాలా?

ఎంవీపీ_డ్రైవర్:
అక్కర్లేదండి. ముందు పిన్నులు తీసి తుప్పు గీకించి బ్రేక్ గ్రీజు పెట్టించండి, మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోద్ది. చిరిగిన రబ్బరు బూట్లు మార్పించండి, కుడి వైపు కూడా విప్పించండి. క్యాలిపర్ లోపలి పిస్టనే కదలకపోతే సీల్ కిట్, అదీ కుదరకపోతే అప్పుడు క్యాలిపర్. అది అయ్యాక మళ్ళీ ఎండాడ ఎక్కించి చూసి, అప్పటికీ లాగకపోతేనే ప్లగ్గులు విప్పించండి.