మావాడు వైడ్ రిసీవర్‌గా ఏ స్థాయి కాలేజీకి సరిపోతాడు?

నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఉంటాం. మావాడు హైస్కూల్లో లెవెన్త్ గ్రేడ్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్, అంటే ముందుకు పరిగెత్తి, విసిరిన బంతిని అందుకునేవాడు. కాలేజీ కోచ్‌లు ముందు ఏం చూస్తారో నాకు అంతుపట్టడం లేదు, ఆట తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 168 పౌండ్లు. 40 గజాల పరుగు స్టాప్‌వాచ్‌తో 4.58 సెకన్లు, క్యాంపులో లేజర్‌తో 4.74. కోచ్‌లకు ఏది పంపాలి? లేజర్‌దే పంపడం న్యాయమని నా ఉద్దేశం.

వాడి అసలు బలం రూట్లు, అంటే బంతి అందుకోవడానికి పరిగెత్తే నిర్ణీత దారులు. మొన్నటి మ్యాచ్‌లో థర్డ్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 8 గజాలు కావాలి. లోపలికి వెళ్తున్నట్టు భుజం వంచి, ఒక్క అడుగులో బయటికి తిరిగాడు. వాణ్ని కాపలా కాస్తున్న ప్రత్యర్థి కార్నర్‌బ్యాక్ అక్కడే ఆగిపోయాడు. బంతిని ఛాతీకి ఆనించకుండా వేళ్లతోనే అందుకున్నాడు. కానీ స్నాప్ అవగానే (బంతి ఆటలోకి రాగానే) ఎవరైనా గుండెల మీద చేతులేసి ఆపితే విడిపించుకోలేకపోతున్నాడు. బరువు పెరిగితే ఇది సర్దుకుంటుందా, లేక చేతుల టెక్నిక్ వేరే నేర్పించాలా? బ్లాకింగ్ (ప్రత్యర్థుల్ని ఒంటితో అడ్డుకోవడం) మనసు పెట్టి చేస్తాడు. ఆ క్లిప్పులు కోచ్‌లకు పంపే వీడియోలో ముందు పెట్టాలా, చివర్లోనా?

హైస్కూల్ రోజుల్లో పెద్ద కాలేజీలు పట్టించుకోని కూపర్ కప్, ఈస్టర్న్ వాషింగ్టన్‌లో ఆడి, 2021 ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) సీజన్‌లో బంతులు అందుకుని 1,947 గజాలు సాధించాడు. ఆ ఒక్క ఉదాహరణ పట్టుకుని పిల్లవాడికి లేనిపోని ఆశలు పెట్టలేను. కాలేజీ ఆటల్లో కింది స్థాయి అయిన డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. చదువు బాగానే ఉంది కాబట్టి ఆ దారీ మాకు సమ్మతమే. ఎఫ్‌సీఎస్ (డివిజన్ 1లో రెండో అంచె), డివిజన్ 2 కోచ్‌లకు ఇప్పుడే రాయమంటారా? ఉన్నదున్నట్టు చెప్పండి, ఏమీ అనుకోను.